'మా బెజవాడ' అంటే ఎవరి బెజవాడ?

కృష్ణా పుష్కరాలు వచ్చినా, జనవరిలో పుస్తకాల పండగ వచ్చినా, ఏదో ఒక కాలేజీకి స్వర్ణోత్సవం జరిగినా మన పత్రికల్లో, సావనీర్లలో ఒక రకం వ్యాసం తప్పకుండా అచ్చవుతుంది. దాని పేరు 'మా బెజవాడ'. పేరు కాస్త అటూ ఇటూ మారొచ్చు గానీ సరుకు మారదు. ఇంద్రకీలాద్రి, కృష్ణమ్మ, 1921లో గాంధీ రాక, పింగళి వెంకయ్య జెండా, బ్యారేజీ మీద సాయంకాలం గాలి, గాంధీనగరం సినిమా హాళ్ళు, బీసెంట్ రోడ్డు, ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులు, బాబాయ్ హోటల్ ఇడ్లీ. చివర్న ఎన్ని దేశాలు తిరిగినా ఇలాంటి ఊరు లేదనే మాట. ఆ మాట రాసినాయన ఊరు వదిలిపెట్టి సాధారణంగా ముప్పై ఏళ్ళయి ఉంటుంది.

ఇట్లాంటి వ్యాసాలు కొంతకాలంగా మేము పోగేసి చదువుతున్నాం. సరదాకి కాదు. తెలుగులో ఊరి గురించి రాయటమంటే పొగడటమే అన్నట్టు ఒక సాహిత్యం తయారయింది. దాన్ని ఎవరూ విమర్శ కింద పెట్టి చూడలేదు. కథను, కవిత్వాన్ని కుల దృష్టితో చదవటం మనం నేర్చుకున్నాం. 'పాత జ్ఞాపకాలు కదా, పోనీలే' అని వీటిని మాత్రం వదిలేశాం. వదిలేసినవే పిల్లల పాఠాల్లోకీ, టూరిజం పుస్తకాల్లోకీ, నాయకుల ఉపన్యాసాల్లోకీ పోయి చరిత్రగా కూర్చుంటున్నాయి. మేము కూడా ఈ ఊళ్ళో చదువుకున్నవాళ్ళమే, ఈ ఊళ్ళో బతుకుతున్నవాళ్ళమే. అందుకని ముందు మన ఊరి సంగతే తేల్చుకుందామనుకున్నాం.

చదవటం మొదలుపెట్టినప్పుడు మా అభిప్రాయం ఒకటే. వీళ్ళు ఊరి మంచి చెబుతారు, చెడు దాచిపెడతారు అని. చదవగా చదవగా అది పూర్తి నిజం కాదని తెలిసింది. చెడు కూడా చెబుతారు. ఎండ సంగతి చూడండి. బెజవాడ కాదు 'బ్లేజ్‌వాడ' అని తెల్లదొరలు అన్నారని ప్రతివాడూ మురిపెంగా రాస్తాడు. ఆ ఎండకు తట్టుకున్నాం కాబట్టి ఏ ఊళ్ళోనైనా బతకగలమని కొసమెరుపు. రౌడీయిజం సంగతి చూడండి. కాలేజీల్లో సైకిల్ చైన్లు, విద్యార్థి సంఘాల కొట్లాటలు, వీధుల పంపకాలు, 1988 డిసెంబరులో రంగా హత్య తర్వాత తగలబడిన ఊరు, కర్ఫ్యూ. వీటన్నిటినీ మీసం మీద చెయ్యేసుకుని చెప్పినట్టు చెబుతారు. సినిమావాళ్ళు ఆ రౌడీయిజాన్ని అమ్ముకుంటే మా ఊరి కథే అని చంకలు గుద్దుకున్నారు. అంటే లోపాల్లో రెండు రకాలున్నాయన్నమాట. ఘనత కింద మార్చుకోటానికి వీలయ్యే లోపం ఒకటి. ఎంత తిప్పి రాసినా ఘనత కింద మారని లోపం రెండోది. మొదటిది వ్యాసంలోకి వస్తుంది. రెండోది రాదు. ఆ రెండోది ఎప్పుడు చూసినా మాల మాదిగ రెల్లి పేటల్లోనే, కాలవగట్ల మీదే, కొండ మీద రాళ్ళ మధ్యే ఎందుకుంటుంది అనేది మా ప్రశ్న.

ఒక ఉదాహరణ. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమయింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అని తీర్మానించారు. ఇది లేని 'మా బెజవాడ' వ్యాసం మాకు ఒక్కటీ దొరకలేదు. మంచిదే, జరిగిన సంగతే కదా. దానికి నాలుగేళ్ళ ముందు, 1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో ఇదే బెజవాడలో ఇంకొక సభ జరిగింది. తొలి ఆంధ్రదేశ పంచమ సభ అని పిలిచారు దాన్ని. హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ వచ్చి అధ్యక్షత వహించారు. పంచములు అనే మాటే అవమానం, ఈ నేలకు మొదటి మనుషులం మేమే, కాబట్టి మేము ఆది ఆంధ్రులం అని ఆ సభలో తేల్చారు. పంచమ సభగా మొదలైంది ఆది ఆంధ్ర సభగా ముగిసింది. ఒక జాతి తన పేరు తాను పెట్టుకున్న సభ అది. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆ పేరును ఒప్పుకోక తప్పలేదు.

మరి ఆ మూడు రోజులూ ఊరు ఏం చేసింది? సభకు వచ్చిన మాల మాదిగలు ఎక్కడ గుళ్ళోకి వస్తారోనని కనకదుర్గ గుడి తలుపులు మూసేసిందని దళితోద్యమ చరిత్ర రాసినవాళ్ళు నమోదు చేశారు. ఇంద్రకీలాద్రి మీద పేజీలకు పేజీలు రాసేవాళ్ళు ఈ మూడు రోజుల సంగతి ఒక్క వాక్యంలో కూడా రాయరు. తెలియక అనుకుందామా? 1921 సభలో ఎవరు ఏ ఇంట్లో దిగారో, ఎవరింట్లో భోజనం చేశారో రాసేంత సూక్ష్మంగా తెలిసినవాళ్ళకు 1917 తెలియకుండా పోయిందా? తెలియకపోతే ఎందుకు తెలియలేదో అడగాలి. తెలిసి రాయకపోతే ఇంకా గట్టిగా అడగాలి. ఆ 1921లోనే రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' రాశారు. తెల్లదొరతనం వద్దన్న పాట బళ్ళో చెప్పారు గానీ, నల్లదొరతనం వద్దన్నది చాలాకాలం ఎవరూ చెప్పలేదు. ఊరి చరిత్రకైనా, పాటల చరిత్రకైనా కత్తెర ఒకటే.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఈ ఊళ్ళో మంచి జరగలేదని మేము అనటం లేదు. 1947లో గోరా తన నాస్తిక కేంద్రాన్ని పటమటకు తెచ్చారు. ఆ మరుసటి ఏడు తన కూతుర్ని ఒక దళిత యువకుడికి ఇచ్చి సేవాగ్రామ్‌లో పెళ్ళి చేశారు. అది ఊరు గొప్పగా చెప్పుకోవలసిన పని. చెప్పుకుంటున్నారు కూడా. కానీ ఆ పెళ్ళిని చెప్పేవాళ్ళలో ఎంతమంది తమ ఇళ్ళలో అలాంటి పెళ్ళి చేశారని అడిగితే నవ్వి మాట మార్చేస్తారు. ఊళ్ళో ఒక మనిషి తెగించి చేసిన పని ఊరందరి ఖాతాలో జమ అవుతుంది. గుడి తలుపులు మూసిన పని మాత్రం ఎవరి ఖాతాలోనూ పడదు. ఖాతా పుస్తకం ఎవరి చేతుల్లో ఉందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

బెజవాడ కమ్యూనిస్టుల ఊరు, చైతన్యం ఉన్న ఊరు అని ఇంకో గొప్ప. ఈ చైతన్యం వల్ల మనకు మేలు జరగలేదని అనలేం. కూలి రేట్ల పోరాటాల్లో మన తాతలు ఎర్రజెండా పట్టుకున్నారు. కానీ ఆ జెండా కర్ర ఎవరి చేతుల్లో ఉందని సెలిగ్ హారిసన్ అనే అమెరికన్ 1956లోనే ఆంధ్ర కమ్యూనిస్టుల కులం గురించి వ్యాసం రాసి అడిగాడు. పరాయివాడు అడిగిన ప్రశ్నను అమెరికా కుట్ర అని కొట్టేయొచ్చు. 1985లో కారంచేడు తర్వాత మనవాళ్ళు అడిగిన ప్రశ్నను కొట్టేయలేకపోయారు, జవాబూ చెప్పలేకపోయారు. 'చైతన్యం' అనే మాటను ఊరి గొప్పల జాబితాలో రాసుకునే ముందు దాని కింద ఈ రెండు ప్రశ్నలూ రాయాలి.

ఇక శుభ్రత. 2021 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్, సూరత్‌ల తర్వాత విజయవాడకు మూడో స్థానం వచ్చింది. ఊరంతా ఫ్లెక్సీలు. ప్రవాసంలో ఉన్నవాళ్ళు కూడా పొంగిపోయారు. మేమూ సంతోషించాం, ఎందుకంటే ఆ ర్యాంకు తెచ్చినవాళ్ళు మాకు తెలుసు. తెల్లవారుజామున నాలుగున్నరకు చీపురు పట్టుకుని బయటికొచ్చే ఆడవాళ్ళు. వాళ్ళలో మాదిగలున్నారు, మాలలున్నారు, రెల్లివాళ్ళు ఎక్కువగా ఉన్నారు. ఉత్తరాంధ్ర నుంచి తరాల కిందట ఈ పనికోసం వచ్చి స్థిరపడ్డవాళ్ళు రెల్లివాళ్ళు. బెజవాడకు పురపాలక సంఘం వచ్చింది 1888లో. ఆనాటి నుంచీ ఊరి మలం ఎత్తిందెవరో, డ్రైనేజీ లేని కాలంలో తట్ట నెత్తిన పెట్టుకుని నడిచిందెవరో ఏ స్వర్ణోత్సవ సంచికలోనూ లేదు. కౌన్సిలర్ల పేర్లున్నాయి, చైర్మన్ల ఫొటోలున్నాయి, రోడ్డుకు స్థలం ఇచ్చిన దాతల వంశవృక్షాలున్నాయి.

ఒక పెద్దావిడను అడిగాం. కార్పొరేషన్‌లో ముప్పై ఏళ్ళు ఊడ్చి మానేసిన మనిషి. 'మామ్మా, ఊరికి ర్యాంకు వచ్చిందంట కదా' అంటే, 'ఆ, వచ్చింది బాబూ. మా మేస్త్రీ చెప్పాడు. ఆ రోజు ఇంకో వీధి ఎక్కువ ఊడ్పించాడు' అంది. మేము చదివిన వ్యాసాలన్నిటికంటే ఈ రెండు ముక్కల్లో ఊరి చరిత్ర ఎక్కువ ఉందనిపించింది.

2015 జూలైలో మునిసిపల్ కార్మికులు సమ్మె చేశారు. 2023 డిసెంబరు 26 నుంచి మళ్ళీ రాష్ట్రమంతా రెండు వారాల పాటు సమ్మె చేశారు. సమాన పనికి సమాన వేతనం ఇవ్వమని, ఔట్‌సోర్సింగ్ బతుకు నుంచి పర్మినెంట్ చెయ్యమని అడిగారు. శుభ్రమైన ఊరని రాసినవాళ్ళలో ఎవరూ అప్పుడు కలం తీసినట్టు మాకు కనపడలేదు. చెత్త పేరుకుపోయిందని, దోమలొస్తున్నాయని రాసినవాళ్ళు కనపడ్డారు. మనుషుల చేత మలం ఎత్తించటాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. మ్యాన్‌హోల్లో చచ్చిపోయినవాడి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని 2014లో, ముప్పై లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ధర పెరుగుతోంది, చావు ఆగటం లేదు. ఇది బెజవాడ ఒక్కదాని సిగ్గు కాదు. కానీ ప్రతి ఊరూ తన గొప్ప తాను విడిగా చెప్పుకుంటూ, సిగ్గు వచ్చేసరికి 'దేశమంతా ఇంతే కదా' అంటుంది చూడండి, ఆ తెలివి గమనించాలి.

ఇప్పుడు నీళ్ళ సంగతి. ఈ ఊరికి మూడు కాలవలున్నాయి. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ. వీటిని చూసి వెనిస్ అన్న రసికులున్నారు. కాలవగట్ల మీద గుడిసెలు వేసుకున్నవాళ్ళను మాత్రం ఊరి అందానికి అడ్డం అన్నారు. సుందరీకరణ పేరు చెప్పి గుడిసెలు లేపినప్పుడల్లా ఇళ్ళు ఎక్కడ చూపించారు? ఎక్కువగా ఊరికి ఉత్తరాన, బుడమేరు వైపు. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు. బెజవాడ దుఃఖదాయని అని దానికి పాతపేరు. 2005లో ఊరి మీద పడింది. అయినా ఆ పల్లంలోనే పాయకాపురం, సింగ్‌నగర్ చుట్టుపక్కల పేటలు పెరిగాయి. అక్కడే వాంబే కాలనీ. ఈ వాంబే ఏమిటో చాలామందికి తెలియదు. వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన అని కేంద్రం 2001లో పెట్టిన పథకం పేరులో అక్షరాలు అవి. అంబేద్కర్ పేరు అరిగి అరిగి 'బే' అయింది. ఆయన పేరుతో ఇచ్చిన ఇళ్ళు వాగు పోయే దారిలో ఉన్నాయి.

2024 ఆగస్టు 31న కుండపోతగా వాన. మొగల్రాజపురంలో కొండరాళ్ళు ఇళ్ళ మీద పడి మనుషులు చచ్చిపోయారు. ఆ రాత్రి దాటాక బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్, వాంబే కాలనీ, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. ఇటు కృష్ణలో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కృష్ణ ఒడ్డున రిటైనింగ్ గోడ ఉండబట్టి కృష్ణలంక చాలావరకు ఈసారి బయటపడింది. ఆ గోడ కోసం కృష్ణలంక జనం ఎన్ని ఏళ్ళు, ఎన్ని వరదలు చూశారో వాళ్ళకే తెలుసు. బుడమేరు గండ్లు పూడ్చేసరికి వారం పట్టింది. ఆ వారం రోజులు మొదటి అంతస్తు ఉన్నవాడు మొదటి అంతస్తుకెక్కాడు. రేకుల షెడ్డు ఉన్నవాడు ఎక్కడికెక్కాలి? పడవ మీద బయటికి తెచ్చినందుకు మనిషికింత అని తీసుకున్నవాళ్ళున్నారు. మెడలోతు నీళ్ళల్లో పాలప్యాకెట్లు మోసినవాళ్ళూ ఉన్నారు. రెండూ ఈ ఊరే.

వరద తగ్గిన నెలకు మళ్ళీ వ్యాసాలు మొదలయ్యాయి. ఈసారి కొత్త వరస. 'బెజవాడ పడి లేచే కెరటం', 'మా ఊరి గుండె ధైర్యం'. చూశారా, వరద కూడా మొదటి రకం లోపం కింద మారిపోయింది. ఎండ లాగా, రౌడీల లాగా అది కూడా ఊరి పౌరుషానికి ఒక పతకం అయింది. కానీ ఎవరు పడ్డారు, ఎవరు లేచారు? ఫ్రిజ్జు, బండి, పిల్లల సర్టిఫికెట్లు పోయిన మనిషి ఇంకా వడ్డీ కడుతున్నాడు. లేచింది ఊరి పేరు. పల్లంలో ఇల్లు ఎందుకు కట్టారు, వాగును ఎవరు ఆక్రమించారు, నీరు పోయే దారిలో పేదవాడికి పట్టా ఇచ్చిన చెయ్యి ఎవరిది అని అడిగితే ఊరి పరువు తీస్తున్నావంటారు. మాలో ఒకరు అదే అడిగితే ఒక సభలో పక్కన కూర్చున్న పెద్దమనిషి, 'మీవాళ్ళకు ఎప్పుడూ లోటే కనిపిస్తుందండీ' అన్నాడు. మీవాళ్ళు అంటే ఎవరో ఆయన చెప్పలేదు. మేము అడగలేదు, అర్థమయింది కాబట్టి.

పల్లం గురించి చెప్పుకుంటూ ఇంకా దూరం పోతే ఊరి వెలుగుకు కావలసిన కరెంటు ఇబ్రహీంపట్నంలో తయారవుతుంది, బూడిద అక్కడివాళ్ళ మీద పడుతుంది. దాని గురించి విడిగా రాయాలి.

ఇంత చెప్పాక మమ్మల్ని ఎవరైనా అడగొచ్చు. ఇన్ని లోపాలున్న ఊళ్ళో మరి మీరెందుకు ఉంటున్నారు, పల్లెకు పోకూడదా అని. మంచి ప్రశ్నే. మేము పోము. ఎందుకు పోమో చెప్పాలి, ఎందుకంటే 'మా బెజవాడ' రాసేవాళ్ళ ప్రేమకూ మా ప్రేమకూ తేడా అక్కడే ఉంది. వాళ్ళ వ్యాసాల్లో ఊరికి ముందు ఒక పల్లె ఉంటుంది. పల్లెలో పెంకుటిల్లు, మామిడితోట, ఎడ్లబండి. అక్కడి నుంచి చదువు కోసం బెజవాడ వచ్చి రెండు గొప్పలూ మూటగట్టుకుంటారు. మా వెనక ఉన్న పల్లెలో మామిడితోట లేదు. తోటకు కాపలా ఉన్న తాత ఉన్నాడు. బెజవాడ నుంచి హైదరాబాదు రోడ్డెక్కితే గంట ప్రయాణం కూడా ఉండదు కంచికచర్లకు. 1968లో ఇత్తడి చెంబు దొంగిలించాడని కోటేశును అక్కడే కట్టేసి తగలబెట్టారు. ఆ ఊరివాడే కలేకూరి ప్రసాద్. ఆయన కవిత్వంలో ఆ మంట చల్లారలేదు. 1985 జూలైలో కారంచేడు మాదిగలు ప్రాణాలు అరచేత పట్టుకుని చేరింది చీరాలకు. 1991 ఆగస్టులో చుండూరు మాలలు చేరింది తెనాలికి. పట్నం మనవాళ్ళకు పర్యాటక స్థలం కాదు, తల దాచుకునే చోటు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ పల్లెను గురించి చెప్పిన కటువైన మాటల్ని గ్రామస్వరాజ్యం వాళ్ళు ఈనాటికీ జీర్ణించుకోలేకపోతున్నారు. మనకు మాత్రం అవి పుస్తకంలో చదివి తెలుసుకోవలసిన మాటలు కావు.

అందుకని బెజవాడ బస్టాండులో దిగినప్పుడు మన మనసు తేలిక పడుతుంది. ఇక్కడ హోటల్లో గ్లాసు వేరుగా పెట్టరు. బస్సులో పక్కన ఎవరు కూర్చున్నారో ఎవరికీ పట్టదు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో నీళ్ళ చారు తాగి మేము డిగ్రీలు చదివాం. ఏలూరు రోడ్డు షాపుల్లో నిలబడి, కొనలేక, పుస్తకాలు అక్కడే చదివేసిన రోజులున్నాయి. షాపువాళ్ళు కసురుకోలేదు, అది కూడా చెప్పాలి. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత కొండకు మన అమ్మలూ నాయనమ్మలూ పల్లెల నుంచి రైళ్ళల్లో, ఆటోల్లో వస్తారు. ఆ తిరనాళ్ళను వాళ్ళు 'మతసామరస్యం' అని ఒక పేరాలో రాసేస్తారు. కొండెక్కే ఆ జనంలో ఎక్కువమంది ఎవరో, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల వాళ్ళు ఏం కోల్పోయారో ఆ పేరాలో ఉండదు. మన గుండెల్లో ఈ ఊరికి చోటుంది. ఎవరైనా బెజవాడను తిడితే మాకూ కోపం వస్తుంది. కాబట్టి ఈ విమర్శ ఊరి మీద ద్వేషంతో రాస్తున్నది కాదు.

ఐతే పట్నం ఇచ్చిన ఆ తేలిక ఎంతదూరం ఉంటుంది? టు-లెట్ బోర్డు దాకా. బస్సులో అడగని ప్రశ్న గుమ్మం దగ్గర అడుగుతారు. మా అనుభవమే. మంచి కాలనీ, మేడమీద రెండు గదులు. ఇంటావిడ మర్యాదగానే మాట్లాడింది. ఏం ఉద్యోగం అంటే లెక్చరర్ అన్నాం. 'చాలా సంతోషమండీ' అంది. ఇంటిపేరు అడిగింది. చెప్పాం, ఆ పేరు రెండు మూడు కులాల్లో ఉంది కాబట్టి ఆవిడకు తేలలేదు. ఏ ఊరు అంది. చెప్పాం. ఊళ్ళో ఎటువైపు అంది. రామాలయం దగ్గరా అంది. కాదండీ, చర్చి దగ్గర అన్నాం. 'మా అబ్బాయి వస్తానంటున్నాడు, వాడినడిగి చెబుతాను' అంది. ఆ అబ్బాయి ఇప్పటిదాకా రాలేదు. ఊరి పేరులోనే 'వాడ' ఉంది, బెజవాడ అన్నా విజయవాడ అన్నా. మన పల్లెల్లో వాడ అంటే మనమే. ఇక్కడ మాత్రం వాడలో మనకు రెండు గదులు దొరకవు. ఆతిథ్యానికి మారుపేరు బెజవాడ అనే వాక్యం చదివినప్పుడల్లా మాకు ఆ మెట్లు గుర్తొస్తాయి.

ఇప్పుడు మన ఇంటి సంగతి కూడా కొంచెం చూసుకోవాలి, లేకపోతే ఈ వ్యాసం వేలు ఎదుటివాళ్ళ వైపే చూపించినట్టవుతుంది. 2024 జనవరి 19న స్వరాజ్య మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించారు. పీఠంతో కలిపి 206 అడుగులు. దాన్ని చూసి మన కళ్ళు చెమర్చాయి, అబద్ధం ఎందుకు. గుడి తలుపులు మూసిన ఊళ్ళో, ఆ గుడి ఉన్న కొండతో పోటీపడేలా ఆయన నిలబడ్డాడు. కానీ ఆరునెలలు తిరిగేసరికి ఏమైంది? 'చూడవలసిన స్థలాలు' జాబితాలో దుర్గగుడి, బ్యారేజీ, భవానీ ద్వీపం పక్కన ఆయన్నీ చేర్చారు. విగ్రహం ఎత్తు చెబుతారు, ఖర్చు చెబుతారు, ఫొటో ఎక్కడి నుంచి బాగా వస్తుందో చెబుతారు. మనవాళ్ళు కూడా అదే వరసలో పడ్డారు. 'మా బెజవాడలో ఉన్నంత విగ్రహం ఎక్కడుంది' అని పక్క జిల్లావాళ్ళతో పందేలు. ఆ ఏడు సెప్టెంబరులో ఆ విగ్రహానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఆయన పేరు మిగిలిన కాలనీ నీళ్ళల్లో ఉంది. మనలో కొందరం పాలప్యాకెట్లు పట్టుకుని పోయాం, నిజమే. కానీ పల్లంలో ఇళ్ళెందుకు ఇచ్చారని గట్టిగా అడిగిన సభ ఒక్కటైనా ఆ విగ్రహం నీడలో పెట్టామా? ఊరిని పొగిడే జబ్బు అగ్రవర్ణాలకే వస్తుందనుకోవటం మన అమాయకత్వం. చోటు దొరికితే ఎవరికైనా వస్తుంది. దళిత పెద్దమనిషికి గొప్పల జాబితాలో ఒక వరుస ఇస్తే, ఆయన మిగతా వరుసల్ని ప్రశ్నించటం మానేస్తాడు. అదే ఆ జాబితా బలం.

రాజధాని వచ్చినప్పుడూ ఇదే చూశాం. 2015లో అమరావతికి శంకుస్థాపన అన్నప్పుడు ఊరు ఊరంతా తమ గజం ధర లెక్కబెట్టుకుంది. భూసమీకరణలో పట్టా భూమికి ఒక లెక్క, దళితుల చేతిలో ఉన్న అసైన్డ్ భూమికి అంతకంటే తక్కువ లెక్క కట్టారు. అదే మట్టి, అదే పంట. దాని మీద కొట్లాడినవాళ్ళను అభివృద్ధికి అడ్డం అన్నారు. కాలవగట్టు గుడిసెలను అందానికి అడ్డం అన్నది కూడా ఈ నోరే.

మరి ఊరి గురించి ఎట్లా రాయాలి? పొగడకూడదా? జాషువా చేసి చూపించాడు. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో ఆయన నాయకుడు అరుంధతీ సుతుడు, ఆకలిగొన్నవాడు. తన బాధ కాశీలో ఉన్న శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. హంసకు, మేఘానికి కాదు, గబ్బిలానికి చెప్పుకున్నాడు. గుళ్ళోకి తనకు లేని ప్రవేశం దానికి ఉంది కాబట్టి. పోయే దారిలో ఊళ్ళు వస్తాయి, నదులు వస్తాయి, పాత రాజ్యాల వైభవం వస్తుంది. జాషువా వాటిని మనసారా పొగుడుతాడు. ఆంధ్రుల చరిత్ర అంటే ఆయనకు పులకింత. మనలో కొందరు విమర్శకులు ఈ పొగడ్తను చూసి జాషువా అగ్రవర్ణాల మెప్పు కోరాడని తప్పుపట్టారు. మేము ఒప్పుకోం. ఎందుకంటే ఆ పొగడ్త ఎవరి నోటి నుంచి వస్తోందో మరిచిపోనివ్వడు ఆయన. ఆ ఊళ్ళల్లో ఏ గుడిలోకీ పోలేనివాడు ఆ ఊళ్ళ అందం చెబుతున్నాడు. చదివేవాడు అందాన్నీ తలుపునూ కలిపి చూడక తప్పదు. 'మా బెజవాడ' వ్యాసాల్లో లేనిది ఇదే. వాటిలో పొగిడే మనిషి ఎక్కడ నిలబడి పొగుడుతున్నాడో తెలియదు. మేడ మీద నిలబడ్డాడా, కాలవగట్టున నిలబడ్డాడా? అందరి తరఫునా మాట్లాడుతున్నట్టు 'మా' అంటాడు. ఆ 'మా'లో మామ్మ లేదు, వాంబే కాలనీ లేదు, 1917 లేదు.

ఈ పత్రిక తరఫున మేము ఒక పని మొదలుపెట్టాం. 1917 సభకు పోయినవాళ్ళ మనవలు, మునిమనవలు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో ఉండే ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిన మాటలు, పాత కాగితాలు, కరపత్రాలు, ఫొటోలు ఏవైనా ఉంటే మాకు రాయండి, లేదా కబురు పెట్టండి, మేమే వస్తాం. బెజవాడ రెల్లి పేటల పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ తాతలు ఏ ఏట వచ్చారో, ఏ వీధికి ఎవరు పనిచేశారో రాసుకుంటున్నాం. ఇప్పటికి పదకొండు ఇళ్ళయ్యాయి. చదువుకుంటున్న పిల్లలు సాయం రావాలి. టేపు చేసినదాన్ని కాగితం మీద పెట్టేవాళ్ళు కావాలి. గుంటూరు, ఏలూరు, రాజమండ్రి మిత్రులు మీ మీ ఊళ్ళ మీద వచ్చిన పొగడ్త వ్యాసాలు కత్తిరించి పంపండి. పంపేటప్పుడు ఆ వ్యాసంలో లేని పేట పేరు వెనక రాసి పంపండి.